పాత సిస్టమ్ అమ్ముతున్నరా? డబ్బాలో ఎన్ని డిస్కులున్నాయో ముందు లెక్కపెట్టండి

ఈ రోజు సూటిగా ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. మధ్యలో ర్యామ్ పెంచిన్రు, ఎస్ఎస్‌డీ వేయించిన్రు, ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన్రు. ఇప్పుడు అమ్మేద్దాం అనుకుంటున్నరు. అమ్మే ముందు ఏం చేస్తరు?

నేను ఈ మాట అడిగితే పది మందిలో తొమ్మిది మంది ఒకటే చెప్తరు. "ఫార్మాట్ కొట్టి ఇచ్చేస్తా అన్నా." ఆ ఒక్క మాట ఎందుకు సరిపోదో, ఏం చేస్తే సరిపోతదో ఈ వీడియోలో చెప్తా. చివరిదాకా చూడండి, ఎందుకంటే ఇది మీ ఫోటోల గురించే కాదు.

ముందు ఫోన్ సంగతి. మనమంతా ఫోన్‌కి అలవాటు పడ్డం. ఫోన్ అమ్మేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ కొడతం, అయిపోతది. నిజంగనే అయిపోతది, ఎందుకో తెలుసా? ఆండ్రాయిడ్ 10తో మార్కెట్‌లోకి వచ్చిన ఫోన్ల నుంచి స్టోరేజ్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉండడం తప్పనిసరి చేసిన్రు. ఐఫోన్‌లో అంతకంటే ముందు నుంచే ఉంది. అంటే మీ డేటా అంతా తాళం వేసి ఉంటది. రీసెట్ కొడితే ఆ తాళంచెవిని ఫోన్ నాశనం చేస్తది. లోపల ముక్కలు మిగిలినా చదివే దారి లేదు. పాత డెస్క్‌టాప్‌లో చాలాసార్లు అసలు తాళమే ఉండదు. బీరువాకి తలుపే లేకపోతే తాళంచెవి పారేసి లాభమేంది? ఫోన్ లెక్కలు తీసుకొచ్చి డెస్క్‌టాప్ మీద పెట్టొద్దని నేననేది అందుకే.

ఇప్పుడు అసలు కేసు. మాది ఆలేరు. మా చిన్నాయనకు ఇక్కడ జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్, ప్రింట్లు, స్కానింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, అన్నీ అక్కడనే. 2012లో ఒక డెస్క్‌టాప్ కొన్నడు. కోర్ ఐ3 మూడో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. తర్వాత స్లో అయిందని ర్యామ్ 8 జీబీ చేయించిండు, 240 జీబీ ఎస్ఎస్‌డీ పెట్టించి విండోస్ 10 వేయించిండు. ఫైళ్ళు దాచుకోవడానికి ఇంకో 1 టీబీ డిస్క్ వేయించిండు. మంచిగ నడిచింది.

మరి ఇప్పుడు ఎందుకు అమ్ముతున్నడు? 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ లేదా ఆపైన ఉండాలి. మూడో జనరేషన్‌కి అధికారికంగా దారి లేదు. ఇట్లాంటి సిస్టమ్‌లు మన ఊళ్ళల్లో మస్తు ఉన్నయి, ఇప్పుడు ఒక్కొక్కటిగా అమ్మకానికొస్తున్నయి. మా చిన్నాయన సిస్టమ్‌కి కూడా ఒక గిరాకీ దొరికింది. కొలనుపాక నుంచి ఒక డిగ్రీ పిల్లగాడు. కోడింగ్ నేర్చుకోవడానికి తీసుకుంటా అన్నడు. లినక్స్ వేసుకుంటే ఆ సిస్టమ్ ఇంకా మంచిగనే పనిచేస్తది కాబట్టి ఇద్దరికీ లాభమే.

చిన్నాయన నన్ను పిలిచి, "రేపు వస్తనన్నడు రా, జర ఫార్మాట్ కొట్టి పెట్టు" అన్నడు.

"లోపల ఏమేమున్నయి చిన్నాయనా?"

"ఏముంటయి రా, జిరాక్సులు తప్ప?"

ఆ జిరాక్సులే సమస్య ఫ్రెండ్స్. ఒక్కసారి ఆలోచించండి. ఒక ఊరి జిరాక్స్ షాపు సిస్టమ్‌లోకి ఏమేం వస్తయి? ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు, బ్యాంక్ పాసుపుస్తకాల మొదటి పేజీలు. స్కాలర్‌షిప్ కోసం ఈపాస్‌లో అప్లై చేసిన పిల్లల టెన్త్ మెమోలు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు. పెన్షన్ కోసం వచ్చిన ముసలోళ్ళ ఫోటోలు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు పట్టాదారు పాసుపుస్తకాలు. భూమి రిజిస్ట్రేషన్ కాయితాలు. వాట్సాప్ వెబ్‌లో ఎవరో ప్రింట్ కోసం పంపిన ఆసుపత్రి రిపోర్టులు. ఇవన్నీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, డెస్క్‌టాప్ మీద, "న్యూ ఫోల్డర్ 37"లో పడి ఉంటయి. ఎవరూ దాచలేదు. ఎవరూ తీసేయలేదు, అంతే.

సిస్టమ్ మా చిన్నాయనదే. లోపలున్నది మాత్రం ఆయనది కాదు, ఊరిది. నా దృష్టిలో ఈ వీడియో మొత్తం ఈ ఒక్క మాట కోసమే.

సరే, ఫార్మాట్ కొడితే ఏమైతది? మన ఊరి లెక్కలో చెప్తా. పహాణీలో మీ పేరు కొట్టేసిన్రనుకోండి. పొలం మాయమైతదా? కాదు కదా. పొలం అక్కడనే ఉంటది, పంట అట్లనే ఉంటది. రికార్డులో మాత్రం ఖాళీ అని ఉంటది. డిలీట్ కొట్టడం, క్విక్ ఫార్మాట్ కొట్టడం అంటే అంతే. ఏ ఫైల్ ఎక్కడ ఉందో రాసుకున్న పట్టికను తుడిచేస్తది. హార్డ్ డిస్క్‌లో ఫైల్ మాత్రం దాని జాగాలోనే ఉంటది. ఆ జాగాలో ఇంకోటి రాసినప్పుడే అది పోతది. అంటే పొలాన్ని దున్నాలి.

నమ్మకం లేకపోతే చూడండి. చిన్నాయన ముందరనే 1 టీబీ డిస్క్‌కి క్విక్ ఫార్మాట్ కొట్టిన. కావాల్సినవి ముందే వేరేచోట కాపీ చేసి పెట్టినం, భయపడకండి. డిస్క్ తెరిస్తే ఖాళీ. "అయిపాయె కదా" అన్నడు. తర్వాత ఫోటోరెక్ అనే ఉచిత రికవరీ టూల్‌ని దాని మీద నడిపిన. పది నిమిషాలు కాకముందే ఫోల్డర్ నిండా ఫోటోలు, పీడీఎఫ్‌లు. ఇప్పుడు మీకు స్క్రీన్ మొత్తం బ్లర్‌లో కనిపిస్తున్నది కదా, కావాలనే చేసిన. ఆ ముఖాలు, ఆ నంబర్లు మీకు చూపించే హక్కు నాకు లేదు. చిన్నాయన మాత్రం చూసిండు. ఒక ఆధార్ దగ్గర ఆగి, "ఈమె పోయి మూడేండ్లయింది రా" అన్నడు. ఆ తర్వాత మళ్ళ ఫార్మాట్ మాట ఎత్తలేదు.

ఇది మన ఆలేరు ముచ్చట మాత్రమే కాదు. అమెరికాలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అని ఎంఐటీలో ఇద్దరు పరిశోధక విద్యార్థులు 2000 నుంచి 2002 మధ్య 158 సెకండ్ హ్యాండ్ హార్డ్ డిస్కులు కొన్నరు. వాటిలో 129 పనిచేసినయి. సరిగ్గా తుడిచి అమ్మినవి ఎన్నో తెలుసా? 12. మిగిలినవాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డ్ నంబర్లు దొరికినయి. ఒక డిస్క్ అయితే ఏటీఎం మెషీన్‌లో వాడినట్టు ఉంది. 2003లో ఈ వివరాలు అచ్చయినయి. ఇరవై ఏండ్లు దాటింది, హార్డ్ డిస్క్ పనిచేసే తీరు మాత్రం మారలేదు.

"ఎవరు చూస్తరన్నా ఇవన్నీ" అనేవాళ్ళకు మన రాష్ట్రంలోదే ఒక సంగతి. 2018లో హైదరాబాద్ పోలీసులు ఒక కేసు బయటపెట్టిన్రు. పోలీసులు చెప్పిన ప్రకారం, సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి డాక్యుమెంట్లు డౌన్‌లోడ్ చేసిండు. వాటి మీదున్న వేలిముద్రల బొమ్మలతో రబ్బరు స్టాంపులు చేసే మెషీన్ మీద నకిలీ వేలిముద్రలు తయారుచేసిండు. వాటితో ఆధార్ వెరిఫికేషన్ దాటించి వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిండు. అంటే కాయితం మీది వేలిముద్ర స్కాన్ చాలు. ఇప్పుడు మళ్ళ మా చిన్నాయన డిస్క్ గుర్తుతెచ్చుకోండి. అందులో రిజిస్ట్రేషన్ కాయితాలున్నయి. సంతకం రాని ముసలామె వేసిన వేలిముద్ర అందులో ఉంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటం. బొటనవేలు మార్చుకోలేం కదా.

కొలనుపాక పిల్లగాడు మంచోడే, నాకు తెలుసు. కానీ ఆయన రెండేండ్లకు ఇంకొకరికి అమ్ముతడు. ఆ డిస్క్ రేపు ఆలేరులో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగినా మనకు తెల్వదు. అమ్మినోడి మీద నమ్మకం కాదు, డిస్క్ ఖాళీగా ఉండడమే మనకు కావాలి.

ఇగ పనిలోకి దిగుదాం. నాలుగు మెట్లు.

మొదటి మెట్టు: కావాల్సినవి తీసుకోండి, లాగిన్లు తెంపండి. మా చిన్నాయన డిస్క్‌లో మా చెల్లె పెళ్ళి ఫోటోలున్నయి, షాపు ఖాతా లెక్కలున్నయి. అవి వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, తెరుచుకుంటున్నయో లేదో కూడా చూసినం. కాపీ అయింది అనుకోవద్దు, తెరిచి చూడండి. తర్వాత బ్రౌజర్‌లో గూగుల్ అకౌంట్ సైన్ అవుట్ చేయండి. మీ ఫోన్‌లో వాట్సాప్ తెరిచి లింక్‌డ్ డివైజెస్‌లో ఆ కంప్యూటర్‌ని తీసేయండి. పైసలు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఏమైనా ఉంటే లైసెన్స్ సరెండర్ చేయండి, లేకపోతే కొత్త సిస్టమ్‌లో ఇబ్బంది.

ఇక్కడ చిన్నాయన, "గిరాకీల ఫైళ్ళు కూడా కొత్తదాంట్లకి వేయి రా" అన్నడు. వద్దని చెప్పిన. మళ్ళ ఎప్పుడైనా పనికొస్తయి అన్నది ఆయన ఆలోచన. కానీ సమస్యను ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి మార్చినట్టే కదా. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో ఒక ముఖ్యమైన సూత్రం కూడా ఇదే. ఒక పని కోసం తీసుకున్న వివరాలను ఆ పని అయిపోయినాక ఉంచుకోవద్దు. చట్టం పక్కన పెట్టినా, ఊరోళ్ళు మనకు కాయితం ఇచ్చింది జిరాక్స్ తీసి ఇమ్మని, దాచిపెట్టుకొమ్మని కాదు.

రెండో మెట్టు: డిస్కులు లెక్కపెట్టండి. అప్‌గ్రేడ్ చేసిన డెస్క్‌టాప్‌కి ఇదే అసలు మెట్టు. దిస్ పీసీ తెరిచి సీ, డీ డ్రైవ్‌లు చూసి ఇంతే అనుకోవద్దు. విండోస్ బటన్, ఎక్స్ కలిపి నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ డిస్క్ 0, డిస్క్ 1 అని వరుసగా కనిపిస్తయి. డ్రైవ్ లెటర్ లేని డిస్క్ కూడా అక్కడ కనిపిస్తది.

మా దగ్గర రెండే కనిపించినయి. ఎస్ఎస్‌డీ, 1 టీబీ. మరి 2012 నాటి 500 జీబీ ఏడపోయింది? చిన్నాయనను అడిగితే "తీసేసినట్టున్నరు" అన్నడు. కరెంట్ బంద్ చేసి, వైర్లు పీకి, మనోళ్ళు సీపీయూ అనే ఆ డబ్బా పక్క రేకు విప్పినం. దుమ్ము కింద, అడుగున, స్క్రూలు కూడా విప్పకుండా అట్లనే ఉంది. ఎస్ఎస్‌డీ పెట్టినప్పుడు మెకానిక్ దాని కేబుల్ పీకి కొత్తదానికి పెట్టిండు, పాతదాన్ని లోపలే వదిలేసిండు. కేబుల్ లేని డిస్క్‌ని ఏ సాఫ్ట్‌వేరూ చూడలేదు, ఏ ఫార్మాటూ ముట్టుకోలేదు. కానీ కొన్నోడు ఒక్క కేబుల్ పెడితే చాలు, ఏడేనిమిదేండ్ల ఊరి కాయితాలు బయటికొస్తయి. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకొని రేకు విప్పి కండ్లతో చూసి లెక్కపెట్టండి. అప్‌గ్రేడ్ చేసిన ప్రతి సిస్టమ్‌కి ఒక పాత డిస్క్ ఉంటది. అది ఎక్కడుందో మీకు తెలిసి ఉండాలి.

మూడో మెట్టు: తుడవడం. డిస్క్ రకాన్ని బట్టి పద్ధతి మారుతది.

హార్డ్ డిస్క్ అయితే దున్నడమే, అంటే మొత్తం సున్నాలు రాయడం. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. డిస్క్‌పార్ట్ అని కొట్టండి. తర్వాత లిస్ట్ డిస్క్. నంబర్, సైజు చూసుకొని సెలెక్ట్ డిస్క్, దాని నంబర్. డిటైల్ డిస్క్ కొట్టి సరైనదేనా అని మళ్ళ ఒకసారి చూడండి. తర్వాత క్లీన్ ఆల్. స్పెల్లింగులు స్క్రీన్ మీద వేస్తున్న. రెండు జాగ్రత్తలు. ఒకటి, ఉత్త క్లీన్ అని కొడితే పట్టిక మాత్రమే పోతది. క్లీన్ ఆల్ అని కొడితేనే మొత్తం సున్నాలు రాస్తది. రెండు, ఇది "నిజమేనా?" అని అడగదు. ఎంటర్ కొట్టినంక వెనక్కి రాదు. అందుకే ముట్టుకోకూడని డిస్కుల కేబుళ్ళు ముందే పీకేస్తే మంచిది.

టైమ్ ఎంత పడతది? సెకనుకు 100 ఎంబీ వేగం అనుకుంటే 500 జీబీకి దాదాపు గంటన్నర, 1 టీబీకి దాదాపు మూడు గంటలు. పాత డిస్క్ అయితే ఇంకా ఎక్కువ. స్క్రీన్ మీద పర్సెంటేజ్ ఏమీ చూపించదు, ఆగిపోయిందని మధ్యలో ఆపొద్దు. రాత్రి పెట్టి పండుకోండి.

"35 సార్లు తుడవాలంట కదన్నా?" అని అడుగుతరు. ఆ 35 లెక్క పీటర్ గట్‌మన్ అనే పరిశోధకుడు 1996లో రాసిన పేపర్ నుంచి వచ్చింది. అప్పటి రకరకాల పాత డిస్కులన్నిటికీ కలిపి చెప్పిన లెక్క అది. ఇప్పటి డిస్కులకు అన్నిసార్లు అక్కర లేదని తర్వాత ఆయనే చెప్పిండు. మనలాంటోళ్ళకు ఒక్కసారి పూర్తిగా రాస్తే చాలు.

ఎస్ఎస్‌డీ వేరే ముచ్చట. దాని లోపల కంట్రోలర్ అని ఒక చిప్ ఉంటది. ఊళ్ళో పాత పట్వారీ లెక్క అనుకోండి. పదో నంబర్ మడి దున్నమని మీరు చెప్తే, ఒకే మడి అరిగిపోవద్దని అది ఇంకో మడి దున్ని "ఇదే పదో నంబర్" అని రికార్డ్ రాసుకుంటది. అసలు పదో మడి అట్లనే ఉండొచ్చు. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల డిలీట్ చేసినవి చాలావరకు పోతయి, కానీ ఊరోళ్ళ వేలిముద్రల విషయంలో "చాలావరకు" అన్న మాట నాకు సరిపోదు. అందుకే పట్వారీకే ఆర్డర్ వేయాలి. దాన్నే సెక్యూర్ ఎరేజ్ అంటరు. కొన్ని మదర్‌బోర్డుల బయోస్‌లోనే ఉంటది, లేకపోతే మీ ఎస్ఎస్‌డీ కంపెనీ ఇచ్చే ఉచిత టూల్‌లో ఉంటది. డ్రైవ్ ఫ్రోజెన్ అని వస్తే భయపడొద్దు, సిస్టమ్‌ని స్లీప్‌లో పెట్టి లేపితే సాధారణంగా పోతది. ఎరేజ్ అయ్యేదాకా కరెంట్ పోకుండా మాత్రం చూసుకోండి.

ఇదంతా కష్టం అనిపిస్తే విండోస్‌లోనే ఒక దారి ఉంది. సెట్టింగ్స్‌లో రికవరీ, రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్. అక్కడ ఆగండి. చేంజ్ సెట్టింగ్స్ నొక్కి క్లీన్ డేటా అన్నది ఆన్ చేయండి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటది. ఒకటి కంటే ఎక్కువ డిస్కులుంటే అన్ని డ్రైవ్‌లనూ తుడవాలా అని కూడా అడుగుతది, అది కూడా ఆన్ చేయండి. సొంత వాడకం సిస్టమ్‌కి ఇది సరిపోతది. షాపు సిస్టమ్‌కి నేను మొదట చెప్పిన పద్ధతే చేయండి.

నాలుగో మెట్టు: చెక్ చేయడం. తుడిచిన డిస్క్ మీద అదే ఫోటోరెక్ మళ్ళ నడపండి. మా 1 టీబీ మీద మొదటిసారి ఫోల్డర్ నిండా వచ్చినయి కదా. క్లీన్ ఆల్ తర్వాత సున్నా. ఒక్క ఫైల్ రాలేదు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినప్పుడు, కంపెనీ లాప్‌టాప్ వాపస్ ఇస్తే తుడిచినట్టు రాసి సంతకం తీసుకుంటుండె. మనకు సంతకాలు అక్కర లేదు, కానీ ఆ పట్టింపు మాత్రం కావాలి.

ఇగ ఆ 500 జీబీ సంగతి. కేబుల్ పెట్టి చూస్తే చప్పుడు చేస్తున్నది, సగంలో ఎర్రర్ ఇస్తున్నది. అట్లాంటి డిస్క్‌ని పూర్తిగా తుడవలేం. పిల్లగాడు వచ్చినంక ఉన్నదున్నట్టు చెప్పినం. "మూడు డిస్కులనుకున్న అన్నా, ఒకటి తీసేస్తే జర తగ్గించండి" అన్నడు. న్యాయమే. చిన్నాయన నా మొహం చూసి, 300 తగ్గించిండు. ఒక ఊరి మనుషుల కాయితాలకు 300 ఎక్కువేం కాదు. తుడవలేని డిస్క్‌ని అమ్మొద్దు, గంతే. విప్పి లోపలి పళ్ళేలను డ్రిల్‌తో చిల్లులు పెట్టండి, కండ్లద్దాలు పెట్టుకొని చేయండి. మిగిలిన ముక్కలను చెత్తబండిలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇవ్వండి.

ఆఖరికి రెండు మాటలు. జిరాక్స్ షాపు, నెట్ సెంటర్ నడిపే అన్నలకు: రోజూ షాపు మూసే ముందు డౌన్‌లోడ్స్, స్కాన్ ఫోల్డర్లు ఖాళీ చేయండి. కొత్త సిస్టమ్ కొంటే మొదటి రోజే ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి, రికవరీ కీ కాయితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. అమ్మే రోజు పని సగం తగ్గుతది. షాపుకు పోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు: ఆధార్ కాపీ ఇవ్వాల్సి వస్తే, నడిచేకాడ చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఇంట్లో పెద్దోళ్ళ ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. ప్రింట్ అయినంక "అన్నా, నా ఫైల్ డిలీట్ చేయి" అని నిలబడి అడగండి, మొహమాటపడొద్దు. ఎప్పుడైనా పైసలు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ కొట్టండి.

మళ్ళ ఒకసారి: కాపీ తీసుకోండి, రేకు విప్పి లెక్కపెట్టండి, డిస్క్ రకాన్ని బట్టి తుడవండి, తుడిచినంక చెక్ చేయండి. మీ ఊళ్ళో జిరాక్స్ షాపు ఉన్న అన్నకి ఈ వీడియో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో అదే పాత ఐ3 మీద లినక్స్ ఎట్లా వేయాలో చూద్దాం. ఉంటా మరి, నమస్తే.